సంగీతసుధాకరకర్త రేచర్ల సింగభూపాలుడు

ఆంధ్రభూమిని కత్తిపట్టి యేలిన రాజులు పెక్కండ్రు గలరు. గంటముపట్టి శాస్త్రము వ్రాసిన రాజులు కొందఱే. ఆ రెండుపనులను ఒక్కచేతితో చేసిన కొలదిమందిలో రాచకొండప్రభువైన రేచర్ల సింగభూపాలుడు గణింపదగినవాడు. సర్వజ్ఞసింగభూపాలుడను పేరు వినగానే పల్లెలలోని పెద్దలకు శ్రీనాథుడును, నందికంతపోతరాజు కటారియు జ్ఞప్తికి వచ్చుట సహజము. ఏడుస్వరములను ఎన్నివిధముల గూర్పవచ్చునో, ఆ కూర్పులలో ఒక్కొక్కదాని వరుససంఖ్యను ఎట్లు కనిపెట్టవలెనో తెలుపు చిక్కులెక్కకు వ్యాఖ్యానము వ్రాసినవాడు కూడ ఆ పేరివాడే యని యెఱిగినవారు తక్కువ. ఈ వ్యాసము ముఖ్యముగా ఆ రెండవవిషయమును గూర్చి వ్రాయబడినది. అయినను మనిషిని చెప్పక పుస్తకమును చెప్పుట తగదు గావున వంశముతో మొదలుపెట్టవలసియున్నది.

కాకతీయసామ్రాజ్యము 1323లో కూలిన పిమ్మట తెలుగుదేశము ముక్కలయ్యెను. కృష్ణకు దక్షిణమున రెడ్లును, ఓరుగంటిలో ముసునూరి కాపయనాయకుడును, ఓరుగంటికి దక్షిణమున కొండలసీమలో రేచర్ల పద్మనాయకులును స్వతంత్రులైరి. ఈ రేచర్లవారిలో మొదటి సింగమనాయకుడు జల్లిపల్లి కోటను ముట్టడించినపుడు మోసముచే చంపబడెనని వెలుగోటివారి వంశావళి చెప్పుచున్నది. అతని కొడుకులు అనపోతానాయకుడును మాదానాయకుడును తండ్రిపగ తీర్చుకొనిరి. తరువాత భీమవరమువద్ద జరిగిన యుద్ధమున కాపయనాయకుడు మడిసెను. ఇది సుమారు 1368 నాటి మాట. అనపోతానాయకుడు రాచకొండను దుర్గముగా కట్టించి రాజధాని చేసికొనెను. తమ్ముడు మాదానాయకుడు దేవరకొండయందు నిలిచెను. రాచకొండ నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోనున్నది. సున్నము లేకుండ పెద్దపెద్ద బండలను ఒకదానిపై నొకటి పేర్చి కట్టిన ఆ ప్రాకారములు నేటికిని కొంతవఱకు నిలిచియున్నవి.

ఈ అనపోతానాయకుని కుమారుడే కథానాయకుడైన సింగభూపాలుడు. తాతపేరు మనుమనికి పెట్టుట ఆ యింటి ఆచారము గావున చరిత్రకారు లితనిని రెండవ సింగమనాయకుడందురు. కుమారసింగమ యనియు వ్యవహారము కలదు. ఇతని పరిపాలనము సుమారు 1384 మొదలు 1399 వఱకు సాగెనని సాధారణముగా ఒప్పుకొందురు. బాల్యము చంపబడిన తాతగారి కథలు వినుచు, తండ్రిగారి దండయాత్రలు చూచుచు గడచినదనుట ఊహకు మించిన మాట కాదు. సింహాసనముతోపాటు పగలన్నియు వారసత్వముగానే వచ్చినవి. కొండవీటి రెడ్లతో వైరము వచ్చినది. విజయనగరముతో వైరము వచ్చినది. ఆ రెంటిని తట్టుకొనుటకు బహమనీసుల్తానులతో తండ్రిచేసిన మైత్రియు వచ్చినది. తాడేపల్లి మొదలగు కృష్ణాతీరగ్రామములు ఆ దినములలో కొండవీటివైపు సీమలోనివి. అనగా ఈ ప్రాంతపు రైతునకు రాచకొండవారు శత్రువులు. ఆ సంగతి దాచవలసిన పనిలేదు.

అయితే ఇందులో ఒక వింత కలదు. సింగభూపాలుడు రాచకొండపై నున్నకాలముననే కొండవీటిపై కుమారగిరిరెడ్డి యుండెను. అతడు వసంతరాజీయమను నాట్యశాస్త్రగ్రంథము వ్రాసెను. అతని బావయు మంత్రియునైన కాటయవేముడు కాళిదాసు నాటకములకు వ్యాఖ్యలు వ్రాసెను. వారి తరువాత 1402లో గద్దెనెక్కిన పెదకోమటివేముడు సాహిత్యచింతామణిని, అమరుకమునకు శృంగారదీపికయను వ్యాఖ్యను వ్రాసెను. కృష్ణకు ఈవలనున్నవారును ఆవలనున్నవారును పగలు కత్తులు దూసికొనుచు రాత్రులు ఒకే శాస్త్రములకు టీకలు వ్రాయుచుండిరన్నమాట. ఎవరిని జూచి ఎవరు మొదలుపెట్టిరో తేల్చుట కష్టము. పోటీ యుండెననుట మాత్రము నిశ్చయము.

సింగభూపాలుని కొలువున విశ్వేశ్వరుడను పండితుడుండెను. అతడు చమత్కారచంద్రికయను అలంకారగ్రంథమును వ్రాసి అందు రాజును కీర్తించెను. రాజు తనపేర రసార్ణవసుధాకరమను గ్రంథమును రచించెను. అందు రంజకోల్లాసము, రసికోల్లాసము, భావకోల్లాసము అను మూడు విలాసములు గలవు. నాయకులు, రసములు, నాటకభేదములు అందులోని విషయములు. తాను చెప్పిన లక్షణములకు లక్ష్యముగా నుండుటకో యన్నట్లు కువలయావళి యను నాటికయు వ్రాసెను. దీనికే రత్నపాంచాలిక యని మఱొకపేరు. ఇవన్నియు సంస్కృతమున నున్నవి. తెలుగురాజు తెలుగున వ్రాయలేదేమి యని నేటివారు నొచ్చుకొనవచ్చును. ఆ కాలమున శాస్త్రము కాశినుండి కన్యాకుమారివఱకు చదువబడవలెనన్న సంస్కృతమే దారి. కొండవీటివారు చేసినదియు అదియే.

రాజులపేర వెలసిన గ్రంథములనుగూర్చి ఒక సందేహ మెప్పుడును ఉండనే యుండును. ఆస్థానపండితుడు వ్రాసి ప్రభువుపేర అంకితము చేయుటకు బదులు ప్రభువుపేరనే వెలువరించెనేమో యని. సింగభూపాలుని విషయముననట్టి యనుమానము కొందఱు పండితులు వెలిబుచ్చిరి. విశ్వేశ్వరునివంటి ప్రౌఢుడు ప్రక్కనే యుండుటచే అనుమానమునకు చోటున్నది. అయినను అలంకారమును, నాటికను, సంగీతగణితమును మూడుదిక్కుల మూడుగ్రంథములు ఒక్క ప్రభువుపేరనే నిలిచియుండగా, ఆ ప్రభువునకు ఆయా శాస్త్రములలో ప్రవేశమే లేదనుట న్యాయము గాదు. పండితుల సాయము తీసికొనలేదని ఎవరును చెప్పలేరు. సాయము తీసికొన్నవాడు పని చేయనివాడు కాడు.

ఇక సంగీతసుధాకరము. ఇది శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరమునకు వ్యాఖ్య. శార్ఙ్గదేవుడు పదుమూడవశతాబ్దిలో దేవగిరి యాదవరాజైన సింఘణుని కొలువున శ్రీకరణాధిపతిగా నుండెను. అనగా రాజ్యపు లెక్కలన్నిటికి పెద్దకరణము. అతని తాత భాస్కరుడు కాశ్మీరమునుండి దక్షిణమునకు వచ్చెను. తండ్రి సోఢలుడు. పన్నులు, వ్యయములు చూచుకొను ఉద్యోగి స్వరగతము, రాగవివేకము, ప్రకీర్ణకము, ప్రబంధము, తాళము, వాద్యము, నర్తనము అను ఏడధ్యాయముల మహాగ్రంథమును వ్రాసెను. లెక్కలు కూడిన చేయి గావుననే కాబోలు, స్వరగతాధ్యాయమున స్వరములకూర్పులను లెక్కించు భాగము అంత పట్టుగా వచ్చినది. ఆ భాగము కొద్దిశ్లోకములలో ఇమిడియున్నది. గురువు విప్పిచెప్పనిదే శిష్యునకు లొంగదు. ఆ గురువుపనిని రాచకొండప్రభువు పూనుకొనెను. నేడు లభించు రత్నాకరవ్యాఖ్యలలో ఇతనిదే ప్రాచీనము. విజయనగరమున ఇమ్మడి దేవరాయల కాలమున కల్లినాథుడు వ్రాసిన కళానిధి దీనికి తరువాతిది.

ఆ లెక్క యేదియో చదువరులకు తెలుపక విడుచుట వంటపేరు చెప్పి విస్తరి యెత్తివేయుట వంటిది. స రి గ మ ప ధ ని అను ఏడింటిని ఒక్కొక్కదానిని ఒక్కమారే వాడి, వరుస మార్చిమార్చి పాడినచో వచ్చు కూర్పునకు కూటతానమని పేరు. ఒక్కస్వరమునకు కూర్పు ఒక్కటే. రెండింటికి రెండు. మూడింటికి ఆ రెంటిని మూడుచే హెచ్చవేయగా ఆఱు. నాలుగింటికి ఇరువదినాలుగు. ఇట్లే 120, 720 దాటి ఏడుస్వరములకు 5040 వచ్చును. మూర్ఛనలు 56 గావున, వానితో హెచ్చింపగా సంపూర్ణకూటతానములు 2,82,240 అగునని శార్ఙ్గదేవుడు లెక్కగట్టెను.

సంఖ్య చెప్పుట సులభము. ఒక్కటియు తప్పిపోకుండ, ఒక్కటియు రెండుమార్లు రాకుండ వాని నన్నిటిని వ్రాయుట ఎట్లు? దీనికే ప్రస్తారమని పేరు. ఛందస్సులో గురులఘువుల ప్రస్తారము తెలిసినవారికి ఇది దాని తోబుట్టువు. స రి గ అను మూడింటిని తీసికొని చూడవచ్చును. మొదట సహజక్రమమున సరిగ యని వ్రాయవలెను. ఆ వరుసను ఎడమనుండి చూచుచు పోవలెను. తనకు ఎడమప్రక్కన తనకంటె క్రిందిస్వరము గలది మొదట ఏది తగులునో దానివద్ద ఆగవలెను. అట్టి క్రిందిస్వరములలో దానికి మిక్కిలి దగ్గఱిదానిని దానిక్రింద వ్రాయవలెను. దానికి కుడివైపున నున్నవానిని పైవరుసలో నున్నట్లే దింపవలెను. మిగిలినవానిని ఎడమవైపున సహజక్రమమున నింపవలెను. సరిగ క్రింద రిసగ వచ్చును. దానిక్రింద సగరి, ఆపై గసరి, రిగస, గరిస. గరిసలో ఎడమన క్రిందిస్వరము గలది ఏదియు లేదు గావున అక్కడ ప్రస్తారము ముగియును. లెక్కించినచో ఆఱే. ఏడుస్వరములతో మొదలుపెట్టినవాడు ఇదే సూత్రమును పట్టుకొనిపోయినచో 5040వ వరుసను నిధపమగరిస యని వ్రాసి గంటము క్రిందబెట్టును. నడుమ బుద్ధిని ఉపయోగించి ఎన్నుకొనవలసిన చోటు ఒక్కటియు లేదు. సూత్రమే చేయిపట్టి నడపించును.

అయితే ఎవడో ఒక తానము పాడి ఇది ఎన్నవది యని అడిగినచో 5040 వరుసలు వ్రాసి వెదకవలెనా? ఇందుకు ఉద్దిష్టమని పేరు. సంఖ్య చెప్పి తానము చెప్పుమన్నచో అది నష్టము. గ్రామలెక్కలలో సర్వేనంబరు చెప్పినచో పొలము చూపవలెను, పొలము చూపినచో నంబరు చెప్పవలెను. పటము లేక ఆ పని సాగదు. తానములకు పటము ఖండమేరువు. అందు ఏడు నిలువువరుసల గడులుండును. మొదటివరుసలో 1 మాత్రము. రెండవవరుసలో పైనుండి 0, 1. మూడవదానిలో 0, 2, 4. నాల్గవదానిలో 0, 6, 12, 18. ఐదవదానిలో 0, 24, 48, 72, 96. ఆఱవదానిలో సున్నమొదలు 120 చొప్పున పెరుగుచు 600 వఱకు. ఏడవదానిలో 720 చొప్పున పెరుగుచు 4320 వఱకు. అడుగుగడుల నన్నిటిని కూడినచో 1, 1, 4, 18, 96, 600, 4320 కలిసి సరిగా 5040 అగును. లెక్క తప్పలేదని పటమే సాక్ష్యము చెప్పును.

ఉదాహరణమునకు స రి గ మ అను నాలుగింటితో రిమసగ అను తానము ఎన్నవదో చూతము. చివరిస్వరము గ. సహజక్రమమున కడపటినుండి లెక్కించినచో మ మొదటిది, గ రెండవది. కావున నాల్గవవరుసలో రెండవగడిపై ఒక గులకరాయి పెట్టవలెను. అక్కడ 6 ఉన్నది. గ తీసివేయగా స రి మ మిగిలినవి. తానమున దాని ముందుస్వరము స. కడపటినుండి అది మూడవది. మూడవవరుసలో మూడవగడి 4. ఇక రి మ మిగిలినవి. తానమున రెండవస్థానమున మ ఉన్నది, అది కడపటిదే. రెండవవరుసలో మొదటిగడి సున్న. మొదటివరుసలోని 1 ఎప్పుడును చేరును. ఆఱు, నాలుగు, సున్న, ఒకటి కూడగా పదునొకండు. కావలసినవారు వ్రాసి చూచుకొనవచ్చును. గతో ముగియు తానములు ఏడవదానినుండి పండ్రెండవదానివఱకు నుండును. అవి సరిమగ, రిసమగ, సమరిగ, మసరిగ, రిమసగ, మరిసగ. ఐదవస్థానమున అనగా పదునొకండవదిగా రిమసగయే యున్నది.

నష్టమునకు వెనుకకు నడచిన చాలును. ఏడుస్వరములలో 5000వ తానమేది? మొదటి 1 తీసివేయగా 4999. అందు ఏడవవరుసలోని 4320 పోగా 679. ఆఱవవరుసలోని 600 పోగా 79. ఐదవదానిలోని 72 పోగా 7. నాల్గవదానిలోని 6 పోగా 1. మూడవదానిలో 2 పట్టదు గావున సున్న. రెండవదానిలోని 1 తో చెల్లు. ఒక్కొక్కచోట ఎన్నవగడియో చూచి స్వరములను చివరినుండి పేర్చినచో స, రి, మ, ధ, ని, గ, ప వచ్చును. అనగా తానము పగనిధమరిస. అయిదువేల వరుసలు వ్రాయవలసిన పనిని ఏడు తీసివేతలు తీర్చినవి. పగలు సేనలను నడపించు ప్రభువు ఇట్టి గులకరాళ్ల ఆటలో మనసు పెట్టెననుట ఆశ్చర్యముగా తోచవచ్చును. దండయాత్రల సుడిలో నున్నవానికి, తప్పిపోవుట యను మాటలేని వరుస యొకటి కంటబడుట ఎంత ఊరటయో ఎవరు చెప్పగలరు?

ఇట్టి వరుసలలెక్క ఆ కాలముతో ముగియలేదు. తాటియాకుల పుస్తకపు త్రాడు తెగి, ఆకులు గుంపులుగుంపులుగా తారుమారైనపుడు, ఒక గుంపును పూర్తిగా ఎత్తి దాని చోట జొనిపి సరిచేయుట పాతకరణములకు అలవాటైన పని. ఎన్ని ఎత్తులలో క్రమము కుదురును, అంతకు తక్కువలో కుదురదా యనునది నేటి గణితజ్ఞుల ప్రశ్న. సరిగను ఇట్లు గుంపులు జరుపుచు గరిసగా మార్చుటకు రెండెత్తులు కావలెను. మొదట స ను చివరకు తెచ్చినచో రిగస, తరువాత గ ను ముందునకు తెచ్చినచో గరిస. ఏడుస్వరములను పూర్తిగా తలక్రిందు చేయుటకు నాలుగెత్తులు చాలును, మూడు చాలవు. కాని ఏ వరుస యిచ్చినను తక్కువయెత్తుల సంఖ్యను కనుగొనుట, గణితమున మిక్కిలి కఠినములని పేరొందిన సమస్యల కోవలోనిదని 2011లో నిరూపింపబడినది. ప్రాణులలో జన్యువుల వరుస కాలక్రమమున ఎట్లు మారెనో ఊహించువారు ఈ ప్రశ్నతోనే కుస్తీ పట్టుచున్నారు. ఖండమేరువు ఆ ప్రశ్నకు జవాబు గాదు. ఏ వరుస ఎక్కడ నున్నదో తప్పుగాకుండ చెప్పుటయే దాని పని. అంతమాత్రమునకే ఆఱువందల యేండ్లు దాటినను దానిలో దిద్దవలసినది ఏమియు లేదు.

సింగభూపాలుని తరువాత కొడుకులు, ఆపై అదేపేరుగల మఱొక సింగమనాయకుడు రాచకొండను ఏలిరి. పుక్కిటికథలు ఈ యిద్దఱిని కలిపివేసినవి. శ్రీనాథుడు సర్వజ్ఞసింగభూపాలుని సభకు బోవుచు శారదాదేవిని మ్రొక్కుకొనెననియు, కొండవీటివారు పోగొట్టుకొన్న నందికంతపోతరాజు కటారిని విద్యచే మెప్పించి తిరిగి తెచ్చెననియు చెప్పుకొనుకథ పెదకోమటివేముని కాలమునకు సంబంధించినది. అప్పటికి సుధాకరకర్త గతించియుండవలెను. పోతన పేర నున్న భోగినీదండకమునందలి సింగభూపాలుడును తరువాతివాడే యని పలువుర మతము. ఇద్దఱికిని సర్వజ్ఞబిరుదము అంటగట్టబడుటచే తాతకీర్తి మనుమనికి, మనుమనికథ తాతకు పోయినవి. ఇదియు ఒకవిధమైన తారుమారే.

పదునేనవశతాబ్దిలో రాచకొండ బహమనీల వశమయ్యెను. పాతమిత్రులే కోటను గైకొనిరి. రేచర్లవంశపు శాఖయొకటి దక్షిణమునకు జరిగి వెలుగోటివారై, తుదకు వెంకటగిరి సంస్థానమునకు ప్రభువులయ్యెను. వారి వంశావళిని నేలటూరి వెంకటరమణయ్యగారు పరిష్కరింపగా మద్రాసు విశ్వవిద్యాలయమువారు 1939లో అచ్చువేసిరి. రాచకొండలో సింగభూపాలుడు కూర్చున్న కొలువుకూటమేదో నేడు చూపువారు లేరు.

గ్రంథములు మాత్రము వ్రాతప్రతులలో చేతులు మారుచు కోటను దాటిపోయినవి. సంగీతరత్నాకరము మొదటి యధ్యాయము 1879లో కలకత్తాలో అచ్చైనపుడు దానితోగూడ అచ్చైన వ్యాఖ్య సింగభూపాలునిదే. రసార్ణవసుధాకరము 1916లో తిరువనంతపుర సంస్కృతగ్రంథమాలయందు వెలువడెను. రత్నాకరము సంపూర్ణముగా కల్లినాథుని కళానిధితోను, సింగభూపాలుని సుధాకరముతోను నాలుగుసంపుటములుగా అడయారు గ్రంథాలయమువారిచే 1943 మొదలు 1953 వఱకు ప్రకటింపబడినది. గద్యలలో ఆంధ్రమండలాధీశ్వరుడనియు, అనపోతనరేంద్రుని కుమారుడనియు కర్తపేరు చెప్పబడియుండుట అందు చూడవచ్చును. ఖండమేరువు మొదటి సంపుటమునందున్నది.